వరదనాటి పుస్తకము

2022 జూలైలో గోదావరి పొంగినపుడు ధవళేశ్వరము బ్యారేజి నుండి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రము వైపు సాగినది. కోనసీమ లంకలు మునిగినవి. లంకలో మా బంధువుల మేడమీద పదునలుగురము చేరితిమి. ప్రతివారి చేతిలోను ఫోను, ప్రతి ఫోనులోను నీటిమట్టము. మూడవ ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులని పసిపిల్లలకును కంఠస్థమైనది. పశువులను ఏటిగట్టుకు తోలుటకు, బియ్యము, మందులు పైకి చేర్చుటకు ఆ అంకె మాకు వలసినదే. ఆ పనులన్నియు ముగిసిన పిదపను గంటకు పదిమార్లు దానినే చూచుట దేనికి?

అచ్చట గూటిలో ‘బారిష్టరు పార్వతీశం’ ప్రతి యొకటి దొరికినది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో మొదటి భాగము ప్రకటించిన ఆ నవలలోని నాయకుడు మన రాజోలుకు వశిష్ఠ కావలనున్న మొగల్తూరువాడు. సీమకు బయలుదేరిన అతని పాట్లను చదివి వినిపించితిని. పిల్లలు విరగబడి నవ్విరి. మూలనున్న పెద్దమ్మ మాత్రము, “అవతల జనం గట్టు మీద తడిసిపోతుంటే మనకి నవ్వెలా వస్తోందిరా అబ్బాయీ?” అనెను. పుస్తకము మూసితిని.

ఆమె ప్రశ్న న్యాయమైనది. దాసోహమును నమ్మినవాడు పరుల ఆకలిని మరచి పుస్తకము చాటున దాగరాదు. అయినను, నేను చదువు మానినందున గట్టుమీద ఒక్కరికైనను తడి ఆరినదా? అందరము మరల ఫోనులు తెరచితిమి, అంతే. పరుల బాధకు కదలుట వేరు, ఆ బాధను చూచుచు కూర్చుండుట వేరు. రెండవదానిని మనము కరుణ యని పొరబడుచున్నాము.

వార్తను ఆపివేసిన చాలునందురా? ఆ యేడే మే 24 నాటి అల్లర్ల పిదప అమలాపురము ప్రాంతమున కొన్ని దినములు అంతర్జాలము నిలిపివేసిరి. ఫోనులు మూగవోయినవి గాని వీధి అరుగులమీద వదంతులు ఆగలేదు. భయపడిన మనస్సు ఖాళీగా నుండదు. దానికి పట్టుకొనుటకు మరియొకటి కావలెను.

అది పురాణమే కానక్కరలేదు. ఈ మాటకు మన పెద్దలు కొందరు నొచ్చుకొనవచ్చును. కాని పాల్కురికి సోమనాథుని బసవపురాణమును మన యిండ్ల పిల్లలు మొదట వినునది తత్త్వము కొరకా? శివుడు పాలు త్రాగుటలేదని గొడగూచి యేడ్చుచుండగా, తరువాత ఏమాయెనను ఆతురత కొరకే గదా! నవ్వును, ఆతురతయు కలిగించు చదువును తక్కువగా చూచుట నాకు సమ్మతము కాదు. అయితే, తలుపు తట్టిన చప్పుడు వినబడనంతగా అందు మునుగరాదు.

మరునాడు పడవ రాగా మగవారము గట్టుకు పోతిమి. పెద్దమ్మ రెండు పూటలు పులిహోర పొట్లములు కట్టి పంపినది. ఆ రాత్రి దీపము దగ్గర చేరినపుడు, నేను అడుగకమునుపే ఆమెయే అడిగినది:

“ఇంతకీ ఆ మొగల్తూరు కుర్రాడు ఓడెక్కాడా, లేదా?”