అర్ఘ్యంలో పొరుగువారి వంతు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. సూరత్‌లో అది ఒక్కసారిగా పోదు. పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. ఫాల్గుణం మొదలైన ఈ వారమే చూడండి. సోమవారం తెల్లవారుజామున లింబాయత్ సందుల్లో పాలకు బయల్దేరినవాళ్లంతా శాలువాలు కప్పుకుని కనిపించారు. మధ్యాహ్నానికి అవే సందుల్లో చెరకురసం బండి పక్కన కాస్తంత నీడ కోసం ఒకరినొకరు ఒత్తుకుని నిలబడ్డారు. మంగళ, బుధవారాల్లో ఎండ ఇంకా ముదిరింది. గురువారం మబ్బు పట్టి, సాయంత్రం నాలుగు చినుకులు రాలి, అంతలోనే ఆగిపోయాయి. నిన్న శుక్రవారం ఉత్తరపు గాలి మళ్లీ చల్లగా వీచింది. గుజరాతీ పత్రికలవాళ్లు ఈ రోజుల్ని బేవడీ ఋతువు అంటారు, ఒకే రోజులో రెండు కాలాలని. ఇలా అకాలంగా పడే చినుకులు వారికి మావఠు.

ఇందులో వింతేమీ లేదు. తెల్లవారుజామున నేల మీది నుంచి ఉత్తరపు గాలి, ఈశాన్యపు గాలి వీస్తుంది. నేల వేడెక్కాక ఖంభాత్ అఖాతం వైపు నుంచి సముద్రపు గాలి బయల్దేరుతుంది. అది మధ్యాహ్నానికల్లా అందితే ఊరు తేరుకుంటుంది. తూర్పు గాలి బలంగా ఉండి దాన్ని రానివ్వని రోజున ఎండ సాయంత్రం దాకా పెరుగుతూనే పోతుంది. ఎప్పుడైనా హిమాలయాల మీదుగా సాగే పశ్చిమ అలజడి ఒకటి ఇటు కూడా మబ్బుల్ని తోసి, వెళ్తూ వెళ్తూ వెనక చల్లగాలిని వదులుతుంది. 2023లో అయితే దేశం మొత్తం మీద సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 1901 నుంచి ఏ ఫిబ్రవరిలోనూ లేనంతగా పెరిగింది. ఆ వెంటనే మార్చిలో, హోళీ రోజుల్లోనే, గుజరాత్‌లో అకాల వర్షాలు పడ్డాయి. కారణాలు తెలిసినంత మాత్రాన మనిషి మొర ఆగదు కదా. ఈ వారం ఎవరిని పలకరించినా వాతావరణం మాటే. కాస్త చెవి పెట్టి వింటే ఆ మాటల్లో ప్రార్థనలు వినిపిస్తాయి. కానీ ఒకరి ప్రార్థనకు ఇంకొకరి ప్రార్థన పొసగదు.

సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, మంగళవారం ఏం జరిగిందో చెబుతాను. పొడిగాలి వీచే రోజున పాలిస్టర్ పోగు మాట వినదు. రాపిడికి దానిలో విద్యుత్తు పుడుతుంది, సన్నని పోచలు విచ్చుకుంటాయి, పక్క పోగును అంటుకుంటాయి, అంటుకున్నచోట తెగుతాయి. పడుగు మీదుగా చెయ్యి పోనిస్తే చేతి వెంట్రుకలు నిలబడతాయి. పోగు తెగినప్పుడల్లా సాంచా ఆపాలి, తెగిన కొసను వెతికి పట్టుకోవాలి, అచ్చులోంచి తీసి ముడెయ్యాలి. కూలి మీటరు లెక్కన. ఆగిన సాంచాకు కూలి లేదు. అందుకే కార్మికులు నేల మీద బకెట్లతో నీళ్లు చల్లుకుంటారు, కిటికీ వైపు చూస్తారు. డుమస్ సముద్రతీరం వైపు నుంచి తేమగాలి తగిలిందంటే పోగు దారికి వస్తుంది. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి నవజీవన్ రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మన నేతవారు ఈ రోజుల్లో సూర్యుణ్ణి అడిగేది ఆ తేమనే.

గురువారం ఆ తేమ వచ్చింది. గాలి మెత్తబడింది. పక్క వాకిట్లో చీరలకు రాళ్లు అతికించే అక్కతో, చల్లబడ్డది, హాయిగా ఉన్నది కదా అన్నాను.

"నీకేంది తమ్మీ, హాయంటవు. నా గమ్ము ఆరుతలేదు. రేపు పొద్దున సేటు మనిషొచ్చి చీరలు లెక్కవెడ్తడు."

ఆమె పక్కన నులకమంచం మీద చీరలు ఒకదానికొకటి తగలకుండా పరిచి ఉన్నాయి. ఒక కొంగు మీద వేలితో మెల్లగా అదిమి చూపించింది. రాయి వేలి వెంట జరిగింది, జరిగినచోట జిగురు తీగలా సాగింది. గోడకు ఇవతల ఆమె ఎండను కోరుతోంది. గోడకు అవతల ఖాతాలో ఆమె భర్తే తేమను కోరుతున్నాడు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఇద్దరి కూలీ కలిస్తేనే ఆ ఇంటి అద్దె.

ఊరి బయటికి వెళితే ఇలాంటివి ఇంకా ఎన్నో. దక్షిణాన నవసారి, వల్సాడ్ తోటల్లో మామిడి పూత పిందెకు వచ్చే సమయమిది. మనకు హాయిగా తోచిన మబ్బు అక్కడ రైతు గుండెల్లో రాయి. మబ్బు, తేమ కలిస్తే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పూతకు పడతాయి. చినుకు పడితే పూత రాలుతుంది. మిద్దెల మీద అప్పడాలు ఎండబెట్టుకున్నవారికి మంచి ఎండ కావాలి. రాత్రి షిఫ్టు దిగి పగలు రేకుల కింద నిద్రపోయే మనిషికి ఆ ఎండే శత్రువు. రేకు కాలుతుంటే తడి తువ్వాలు మీద కప్పుకుని, పక్కకు తిరిగి, మళ్లీ లేచి నీళ్లు తాగి, కళ్లు ఎర్రగా ఉండగానే మళ్లీ డ్యూటీకి వెళ్తాడు. ఆ అలసటతో తిరిగే సాంచా ముందు నిలబడడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మరి సూర్యుడు ఎవరి మొర ఆలకించాలి?

ఈ ప్రశ్నతో ధ్యానానికి కూర్చోవడానికి సూరత్‌ను మించిన చోటు లేదనిపిస్తుంది. ఇది సూర్యుని కుటుంబం కొలువున్న ఊరు. మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు పడమరకు నడిచి, ఈ ఊరి పక్కగా సముద్రంలో కలిసే తాపీ, తపతి, సూర్యుని కూతురు. ఒడ్డున ఒక పేట పేరు అశ్వినీకుమార్. అశ్వినీ దేవతలు సూర్యుని కొడుకులు, దేవవైద్యులు. ప్రతి ఇంట్లో దగ్గు వినిపించే ఈ రోజుల్లో వారి పేరు తలచుకోవడం మంచిదే. ఆ పేటలోనే, నది ఒడ్డునే, కర్ణుని దేహానికి శ్రీకృష్ణుడు దహన సంస్కారం చేశాడని స్థానికుల నమ్మకం. మూడే ఆకులున్న మర్రి అని ఒక చిన్న చెట్టును చూపిస్తారు. కర్ణుడూ సూర్యపుత్రుడే. ఇక మన పద్మశాలీల కులపురాణంలో, కూనపులివారు పటం విప్పి చెప్పే ఆ కథలో, తామరతూడు దారంతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి భార్య భద్రావతి సూర్యుని కూతురే. పొట్ట చేతపట్టుకుని వచ్చి మన నేతవాళ్లు చేరింది తమ తల్లికి తోబుట్టువు ఒడ్డుకేనని తలచుకుంటే నాకు కడుపు నిండుతుంది.

తపతి కథ భారతం ఆదిపర్వంలో ఉంది. నన్నయ తెలుగు చేశాడు. 16వ శతాబ్దిలో అద్దంకి గంగాధర కవి దాన్నే పెద్ద కావ్యంగా రాసి గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. కథలో ప్రేమఘట్టం అందరికీ నచ్చుతుంది. ఈ వారం నన్ను కూర్చోబెట్టింది మాత్రం ఆ తర్వాతి ఘట్టం.

సంవరణ మహారాజు సూర్యభక్తుడు. రోజూ అర్ఘ్యం, పూలు, ఉపవాసం. లోపమెక్కడా లేదు. అతని భక్తికి మెచ్చే సూర్యుడు తన కూతుర్ని అతనికే ఇవ్వాలనుకున్నాడు. కొండ మీద తపతిని చూసి మనసు పడ్డ రాజు అక్కడే చేతులెత్తి సూర్యుణ్ణి ధ్యానించాడు. పన్నెండో నాడు వసిష్ఠుడు వచ్చాడు, సూర్యుని దగ్గరకు వెళ్లి అడిగాడు, తపతిని తీసుకొచ్చాడు. కోరింది దొరికింది. దొరికాక రాజు ఆ కొండ దిగలేదు. రాజ్యం మంత్రికి అప్పగించి, ఆ వనాల్లో, ఆ సెలయేళ్ల పక్కన పన్నెండేళ్లు తపతితో ఉండిపోయాడు. అక్కడ అతనికి అంతా వసంతమే. కింద అతని రాజ్యంలో ఆ పన్నెండేళ్లూ చినుకు పడలేదు. జనం ఆకలికి ఎముకల గూళ్లయ్యారు, ఇళ్లు వదిలి దిక్కుకొకరుగా వెళ్లిపోయారు. చివరికి వసిష్ఠుడే వెళ్లి రాజును, తపతిని వెనక్కి తీసుకొచ్చాడు. వాళ్లు పురంలో అడుగుపెట్టాకే వాన కురిసింది.

ఎంత చదివినా ఈ కథ నన్ను కలవరపెడుతుంది. సంవరణుడు దుర్మార్గుడు కాడు, నాస్తికుడు కాడు. పూజ మానినందుకు వచ్చిన కరువు కాదది. ప్రార్థన ఫలించిన మనిషి ఆ ఫలాన్ని ఒంటరిగా అనుభవించడానికి కూర్చున్నందుకు వచ్చిన కరువు. నా ప్రార్థన దేవుడు విన్నాడని సంతోషించే ప్రతిసారీ, ఆ రోజు కొండ కింద ఎవరున్నారో చూడాలని ఈ కథ నాకు గట్టిగా చెబుతోంది. సూరత్ వాళ్లకు ఇది పుస్తకాల్లోనే చదవాల్సిన సంగతి కాదు. 2006 ఆగస్టులో ఎగువన కుండపోతగా కురిసిన వానకు తాపీ మీది ఉకాయ్ జలాశయం నిండి, నీళ్లు వదిలితే, ఈ ఊరు చాలా భాగం మునిగింది. ఆ వరదను చూసినవారు ఎగువన ఎవరి పొలం మీద వాన పడుతోందో ఇప్పటికీ అడుగుతారు.

సంవరణునికి ఎదురుగా ఆ నది ఒడ్డునే కర్ణుడున్నాడు. మధ్యాహ్నవేళ సూర్యునికి చేతులెత్తి జపం చేసే సమయంలో ఎవరు వచ్చి ఏది అడిగినా కాదననని అతని వ్రతం. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి పుట్టుకతో వచ్చిన కవచకుండలాలు అడిగింది ఆ వ్రతం తెలిసే. ఇవ్వవద్దని స్వయంగా సూర్యుడే కలలో హెచ్చరించినా కర్ణుడు ఇచ్చాడు. అంత త్యాగం మనవల్ల కాదు, ఎవరూ మనల్ని అడగరు కూడా. కానీ అతని పద్ధతి మనకు అందుతుంది. సూర్యుని ముందు నిలబడే సమయాన్ని అతను అడిగేవాళ్ల కోసం తెరిచి పెట్టాడు. మనం ఆ సమయాన్ని మన కోరికల జాబితాతో నింపేస్తాం.

అందుకని ఈ వారం ఒక సాధన మొదలుపెట్టాం, మా ఇంట్లోనూ చుట్టుపక్కల ఒకటి రెండు ఇళ్లలోనూ. పొద్దున మిద్దె మీద రాగిచెంబుతో అర్ఘ్యం వదిలేటప్పుడు సంకల్పంలో ఒక మనిషిని తలుచుకోవాలి. ఈ పూట వాతావరణం ఎవరికి పడదో ఆ మనిషిని. దానికి ముందు ఆకాశం చూడాలి, గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూడాలి, అది ఎవరిని ఇబ్బంది పెడుతుందో ఆలోచించాలి. చలిగాలి ఉంటే తెల్లారకముందే రోడ్డు ఊడ్చే మనిషి గుర్తొస్తుంది. ఎండ ముదిరితే బట్టల మూటలతో తోపుడుబండి లాగే మనిషి. మబ్బు పడితే వల్సాడ్ తోట రైతు, పక్కింటి అక్క. తలుచుకున్నాక ఊరికే ఉండలేం. మా పిల్లలు గురువారం సాయంత్రం అక్క చీరల్ని మా గదిలో ఫ్యాను కింద పరిచారు. రాత్రి చాలాసేపు ఫ్యాను ఆపనివ్వలేదు. శుక్రవారం పొద్దున రాళ్లు గట్టిగానే ఉన్నాయి. సేటు మనిషి లెక్కపెట్టుకుని తీసుకెళ్లాడు.

సంకల్పం చెప్పుకోవడానికి మంత్రాలు రాకపోయినా ఇబ్బంది లేదు. ఆ మనిషి పేరు, పని, కష్టం, ఈ మూడూ మనసులో స్పష్టంగా ఉంటే చాలు. అస్పష్టంగా లోకమంతా బాగుండాలని అనుకోవడం తేలిక, మనసుకు హాయిగా కూడా ఉంటుంది. ఒక్క మనిషి గుక్కెడు నీళ్ల కోసం ఎక్కడ ఆగుతాడో తెలుసుకుని ప్రార్థించడం కష్టం. ఆ కష్టమే ఇక్కడ తపస్సు.

రేపు ఆదివారం, సూర్యుని వారం. ఎండ మళ్లీ పెరుగుతుందని అంటున్నారు. పొద్దున చెంబు చేతిలోకి తీసుకున్నప్పుడు ఇలా అడుగుదాం.

సూర్యనారాయణా, ఈ పూట నీ ఎండ నాకు నచ్చితే అది ఎవరికి నచ్చలేదో నాకు చూపించు. నాకు నచ్చకపోతే అది ఎవరి పంటను, ఎవరి కూలిని నిలబెడుతోందో చూపించు. వల్సాడ్ చెట్ల మీద పూతను పిందె కానివ్వు. ఖాతాలో పోగు తెగకుండా, గోడవతల గమ్ము ఆరేలా, రెండూ జరిగే గాలి ఉంటే ఆ గాలిని పంపు. లేకపోతే ఆ రెండు పనుల మధ్య సాయానికి వెళ్లే చేతులుగా మమ్మల్ని ఉంచు. రేకుల కింద నిద్రపోయే రాత్రి షిఫ్టు మనిషికి సముద్రపు గాలి మధ్యాహ్నం రెండింటికైనా అందనివ్వు. అప్పటిదాకా మా మెట్ల కింద ఉన్న చల్లని చోటు అతనిది. కుండలో నీళ్లు నింపి పెట్టాం, చాప కూడా వేశాం. వచ్చి పడుకోమని పిలవడానికి మొహమాటపడకుండా చూడు.