క్యాసెట్‌లో చెప్పని మాట

బుజ్జీ,

నీకు మెల్‌బోర్న్ వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నాకు కాసేపు మాట రాలేదు. 18 నుంచి 30 ఏళ్ల వయసు పిల్లలు ఏడాదిపాటు ఊళ్లు తిరుగుతూ, పని చేసుకుంటూ బతకొచ్చనే ఈ వీసాని ఆస్ట్రేలియా మనవాళ్లకి తెరిచిందే 2024లో. ఏడాదికి వెయ్యి మందికి, అదీ చీటీలు తీసి. ఆ వెయ్యిమందిలో మన లంకల్లో పుట్టిన పిల్ల ఉందంటే మావయ్యకి గర్వం కాదూ!

నేను మస్కట్ వెళ్లింది 1986లో. దిగిన రోజే కంపెనీవాళ్లు నా పాస్‌పోర్టు తీసేసుకున్నారు. గదిలో పన్నెండు మందిమి. అయిదు నెలలు పైసా జీతం ఇవ్వలేదు. ఆ రోజుల్లో మేం క్యాసెట్ రికార్డు చేసి, రాజోలు వైపు ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఒక రాత్రి అందరూ పడుకున్నాక కిటికీ ఏసీ కింద కూర్చుని, టేప్ రికార్డర్ ఒళ్లో పెట్టుకుని, "అమ్మా, బాగున్నాను, జీతం బాగానే వస్తోంది, కూడబెట్టి ఒకేసారి పంపుతా" అని చెప్పాను. ఇంటి దగ్గర ఆ క్యాసెట్ పెట్టింది మీ అమ్మే, అప్పటికి పదేళ్లది. నా గొంతు వెనకాల ఏసీ హోరు వినిపిస్తుంటే "అదేం చప్పుడే?" అని అడిగిందిట మీ అమ్మమ్మ. "సముద్రం అమ్మా, అన్నయ్య సముద్రం పక్కనే ఉంటున్నాడు" అందిట మీ అమ్మ.

మీ అమ్మమ్మ నా మాట నమ్మింది. తాటాకిల్లు పీకించి, వడ్డీకి డబ్బు తెచ్చి డాబాకి పునాదులు తీయించింది. ఆ అప్పు కింద అర ఎకరం కొబ్బరి తోట పోయింది. జీతం ఎగ్గొట్టిన పాపం కంపెనీది. తోట పోయిన పాపం మాత్రం నాదే తల్లీ. ఆ అయిదు నెలల్లో ఒక్కసారి నిజం చెప్పుంటే ఆవిడ గడ్డపార పట్టించేదే కాదు.

అందుకని ముందుగా అడుగుతున్నా, ఇంటికి అబద్ధం చెప్పకు. కాఫీ షాపులో కప్పులు కడుగుతుంటే కప్పులు కడుగుతున్నానని చెప్పు. మీ అమ్మ ఇప్పటికే పక్కింటివాళ్లతో "ఆఫీసు ఉద్యోగం" అనేసింది. నేను కేకలేశాను. అమ్మ మాట నిలబెట్టాలని నువ్వక్కడ లేని ఉద్యోగం నటించడం మొదలుపెడితే, రేపు నిజంగా కష్టం వచ్చిన రోజున చెప్పుకోవడానికి నోరు రాదు. నాకు రాలేదు.

కష్టం ఎటునుంచి రావచ్చో కూడా విను. పాస్‌పోర్టు యజమాని చేతికి ఇవ్వకు, ఎంత మంచివాడైనా సరే. చూడకుండా గదికి అడ్వాన్సు పంపకు. అక్కడ దాన్ని బాండ్ అంటారు, అది ఇంటి ఓనరు జేబులో ఉండకూడదు, ప్రభుత్వం పెట్టిన బాండ్ అథారిటీ దగ్గర జమ కావాలి. జీతం ఇచ్చాక ఒక్క పనిరోజు లోపల పే స్లిప్ చేతికి రావాలి. రాకపోతే అడుగు. క్యాజువల్‌గా తీసుకుంటే, జీతంతో సెలవులు ఉండవు కాబట్టి గంట కూలి మీద పాతిక శాతం అదనంగా ఇవ్వాలి. "పని చూద్దాం" అంటూ రోజులకి రోజులు ఉత్తినే చేయించుకునేవాళ్లుంటారు, అక్కడ ఆగకు. నీ వీసా మీద అనుమతి లేకుండా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు దాటకూడదు, అది మాత్రం లెక్క పెట్టుకో. డబ్బులడిగితే "వీసా పోతుంది జాగ్రత్త" అని ఎవడైనా బెదిరిస్తే, అలా బెదిరించడం 2024 జులై నుంచి అక్కడ నేరం. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ అని ఉంది, 13 13 94కి ఫోన్ చెయ్యి. మాకు మస్కట్‌లో అలా చెప్పుకునే దిక్కు ఒకటుంటుందని తెలిస్తే ఎంత బాగుండేదో.

మనకి ముసురు పట్టే ఆషాఢం అక్కడ నడి చలికాలం. సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. పొద్దున ఎండ కాస్తోందని స్వెట్టర్ వదిలేసి వెళ్లకు, మధ్యాహ్నానికి వానొచ్చి సాయంత్రానికి వణుకు పుడుతుంది ఆ ఊళ్లో. పని దొరకని రోజుల్లో గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవద్దు. ఊరి నడిబొడ్డున ట్రాములకి టిక్కెట్టు లేదు. ఎక్కి స్టేట్ లైబ్రరీకి వెళ్లు. అక్కడ 1913లో కట్టిన పెద్ద గుమ్మటం కింద చదువుకునే హాలుంది, బల్లలన్నీ మధ్య నుంచి చక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటాయి. డబ్బులు అడగరు, లోపల వెచ్చగా ఉంటుంది. దిగులుగా ఉన్నప్పుడు చుట్టూ నలుగురు ఉండటమే మందు, వాళ్లు మాట్లాడకపోయినా పరవాలేదు.

వేసవి వచ్చాక సముద్రానికి వెళ్తావు. అంతర్వేది తీరం చూసి పెరిగాను, కాలవలో ఈదాను అనుకుంటావు. అక్కడి అలలు వెనక్కి లాగేస్తాయమ్మా. ఎరుపూ పసుపూ జెండాలు పాతిన చోట, ఆ రెండు జెండాల మధ్యనే దిగు. జెండాలు లేకపోతే ఒడ్డునే కూర్చుని పకోడీలు తిను. లాక్కుపోతున్నట్టు అనిపిస్తే ఎదురీదకు, తేలుతూ చెయ్యి పైకెత్తు.

చెయ్యి ఎత్తడానికి సిగ్గుపడొద్దని చెప్పడానికే ఇంత రాశాను. డబ్బులు ఇవ్వకపోయినా, ఉద్యోగం పోయినా, ఉత్తినే ఏడుపొచ్చినా నాకు ఫోన్ చెయ్యి. మీ అమ్మకి ఎలా చెప్పాలో మనిద్దరం ఆలోచిద్దాం. నీకు అర్ధరాత్రి పన్నెండైతే మాకింకా ఏడున్నరే, అన్నాలు కూడా తినం. అక్టోబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, అప్పట్నుంచి ఆరున్నర. ఆ వేళకి నేను అరుగు మీదే ఉంటాను, ఫోన్ పక్కనే పెట్టుకుని.