అనుమానం ఎవరిది?

'అనుమానం' అనే మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి. జబ్బేమోనన్న సందేహమూ అనుమానమే, మనిషి నడవడి మీద అపనమ్మకమూ అనుమానమే. మందులు వాడినా తెల్లబట్ట తగ్గడంలేదని, పొత్తికడుపులో నొప్పి పోవడంలేదని, సుఖవ్యాధేమో పరీక్ష చేయించుకుంటానని ఒక స్త్రీ అంటే ఇంట్లో రెండో అర్థమే వినపడుతుంది. 'అంటే నన్ను అనుమానిస్తున్నావా?' అంటాడు భర్త. లేదా ఆమెనే అనుమానిస్తాడు. అసలు 'సుఖవ్యాధి' అన్న పేరులోనే తీర్పు ఉంది. సుఖం ఎవరు పొందారో, వ్యాధి ఎవరికి మిగిలిందో మాత్రం ఆ పేరు చెప్పదు.

కాళేశ్వరం దగ్గర నది దాటితే వచ్చేది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడి రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించిన రాణీ బంగ్ బృందం 1989లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఇబ్బంది ఉందని చెప్పినవాళ్ళు 55 శాతం. పరీక్షలో ఏదో ఒక స్త్రీవ్యాధి బయటపడింది 92 శాతం మందికి. అవన్నీ సుఖవ్యాధులు కావు. కానీ అంతకుముందు అలాంటి పరీక్ష, వైద్యం పొందినవాళ్ళు నూటికి ఎనిమిది మందే.

ప్రభుత్వాసుపత్రుల్లో లక్షణాలను బట్టి రంగుల కిట్లలో మందులివ్వడం దశాబ్దాల పద్ధతి. ల్యాబు లేనిచోట అది మేలే. అయితే క్లమీడియా, గనేరియా చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపించవు. తెల్లబట్ట అయ్యేవాళ్ళందరికీ అవి ఉండవు. తగ్గని బాధకి కారణం మందుకి లొంగని క్రిమి కావచ్చు, సుఖవ్యాధే కాని మరో ఇన్ఫెక్షన్ కావచ్చు, వైద్యం చేయించుకోని భర్త నుంచి మళ్ళీ సోకడమూ కావచ్చు. పరీక్ష లేకుండా ఇది తేలదు. ఒక్కోసారి ఒక్కరి పరీక్షతోనూ తేలదు.

పరీక్షకి ఒక పరిమితి ఉంది. ఏ క్రిమి ఉందో అది చెబుతుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చాలాసార్లు చెప్పలేదు. క్లమీడియా నెలల తరబడి, హెర్పిస్ ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉండగలవు. కాబట్టి ల్యాబు కాగితాన్ని శీలపత్రంగా చదవడం భర్త చేసినా భార్య చేసినా తప్పే.

'నమ్మకం ఉంటే పరీక్షెందుకు?' అన్నది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. నమ్మకం లేకుండా కలిసి బతకడం కష్టమే. కానీ పెళ్ళికి ముందు జాతకం చూస్తాం, జీతం అడుగుతాం, సొంత ఇల్లుందా అని ఆరా తీస్తాం. వాటిని ఎవరూ అపనమ్మకం అనరు. భార్య తన దేహం గురించి అడిగే ఒక్క ప్రశ్నకే నమ్మకం గుర్తొస్తుంది. ఒకరు మాత్రమే ప్రశ్నించకూడని చోట ఉన్నది నమ్మకం కాదు, విధేయత.

అలాగని ప్రతి స్త్రీ ధైర్యంగా నోరు విప్పాలని మనం ఉపదేశించడం కూడా అన్యాయమే. 2017లో వచ్చి 2018లో అమలైన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ సంగతి గుర్తించింది. హింసకో, వదిలివేతకో దారితీస్తుందని సహేతుకమైన భయం ఉంటే, స్త్రీల విషయంలో, వైద్యులు భాగస్వామికి ఆ సమాచారం చెప్పకూడదంది. మరి మిగతా సుఖవ్యాధుల సంగతి? నిజం చెప్పడం ఆమె ధర్మమైతే, చెప్పినందుకు ఆమె వీధిన పడకుండా చూడడం ఎవరి ధర్మం? కుటుంబం, ఆసుపత్రి, మనలాంటి చదువుకున్నవాళ్ళు ఆ బాధ్యత తీసుకోకుండా నైతికత గురించి ఆమెకి చెప్పలేం.

తన పరీక్షకి భర్త అనుమతి కావాలని ఏ చట్టమూ అనదు. కనీసం ఈ మాటైనా ప్రతి స్త్రీకీ తెలియాలి. ఆమె అనుమానం ముందుగా ఆమె దేహానిది. దాన్ని తీర్చుకోవడం ఎవరి మీదా నేరారోపణ కాదు.