ముందు విను, తరువాత పలుకు



పరీక్షల కాలం వచ్చిందంటే మన గుడులలో ఒక దృశ్యం కనిపిస్తుంది. పిల్లలు హాలుటిక్కెట్లు, కలాలు పట్టుకొని పీఠం ముందు నిలబడతారు. గురువు వాటిని ఆశీర్వదిస్తాడు. తల్లులు మరియమాత స్వరూపం ముందు క్రొవ్వొత్తులు వెలిగిస్తారు. పదో తరగతి, ఇంటరు, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలు, బ్యాంకు పరీక్షలు - ఇవన్నీ మనకు తెలిసినవే. కాని ఈ మధ్య ఒక ఆదివారం దివ్యబలిపూజ అయిన తరువాత, కాజీపేటకు చెందిన ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి, "ఫాదర్, వచ్చే నెలలో నాకు హామ్ రేడియో పరీక్ష ఉంది. ప్రార్థించండి" అన్నాడు. అటువంటి పరీక్ష ఒకటి ఉందని నేను అంతవరకు పట్టించుకోలేదు. అతణ్ణి కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. ఆ రోజు అతడు నాకు చెప్పినదే ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

హామ్ రేడియో అంటే ఔత్సాహికుల రేడియో. జీతం కోసం కాదు, వ్యాపారం కోసం కాదు. నేర్చుకోవాలనే ఆసక్తితో, ఆపద వేళ నలుగురికి ఉపయోగపడాలనే కోరికతో సొంతంగా చిన్న రేడియో కేంద్రం నడుపుకొనేవారిని హామ్‌లు అంటారు. మన దేశంలో ఇందుకు కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. ఆ లైసెన్సుకు ముందు పరీక్ష వ్రాయాలి. రేడియో ఎలా పనిచేస్తుందో ఒక భాగం, పాటించవలసిన నియమాలు మరొక భాగం. పై శ్రేణి అయిన జనరల్ గ్రేడు కావాలంటే మోర్సు సంకేతాల పరీక్ష కూడా ఉంటుంది. నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో ఐదు నిమిషాలపాటు వినిపించే సంకేతాలను విని, అక్షరాలుగా వ్రాయాలి. మాటకు ఐదు అక్షరాల లెక్కన అవి 200 అక్షరాలు.

"రేడియో సిద్ధాంతం పుస్తకం చదివితే వస్తుంది ఫాదర్. నియమాలు బట్టీపట్టినా వస్తాయి. మోర్సు మాత్రం అట్ల రాదు. చెవికి అలవాటు కావాలి" అన్నాడా యువకుడు. చుక్కలు, గీతలు కంటితో చూసి లెక్కపెట్టి నేర్చుకున్నవాడు పరీక్షలో తడబడతాడట. లెక్కపెట్టేలోగా తరువాతి అక్షరం వెళ్ళిపోతుంది. తల్లి గొంతును బిడ్డ గుర్తుపట్టినట్లు, ప్రతి అక్షరాన్ని దాని ధ్వనితోనే గుర్తుపట్టాలి. అందుకు రోజూ పావుగంటో, అరగంటో వినాలి. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చున్నా ఆ చెవి రాదు.

ఈ మాట వినగానే నాకు మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకలు జ్ఞాపకం వచ్చారు. చాలామంది విశ్వాసులు నన్ను అడుగుతుంటారు: "వివేకవతులైన ఆ ఐదుగురు కొంచెం నూనె ఇస్తే ఏమి పోయింది? అది స్వార్థం కాదా?" అని. ఇదిగో దానికి సమాధానం. పరీక్ష గదిలో పక్కవాడికి కలం అప్పు ఇవ్వవచ్చు, కాగితం ఇవ్వవచ్చు. మన చెవిని అప్పు ఇవ్వగలమా? ప్రతిరోజూ కొంచెం కొంచెంగా మనలో పోగుపడేవి కొన్ని ఉన్నాయి. ప్రార్థన అటువంటిది. ఓర్పు అటువంటిది. దేవుని స్వరాన్ని గుర్తుపట్టే అలవాటు అటువంటిది. పెండ్లికుమారుడు వచ్చిన అర్ధరాత్రి వాటిని ఎవరూ ఎవరికీ పంచలేరు.

ప్రియ పాఠకులారా, ఆ యువకుని కథలో అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఇతడు రెండు నెలలపాటు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని సెల్‌ఫోనులో మోర్సు పాఠాలు వింటూ వచ్చాడు. ఒక సాయంత్రం ఫోనులో చార్జింగు అయిపోయింది. సరేనని, తాను కొనుక్కున్న చిన్న బజ్జరు మీద అక్షరాలు కొట్టడం మొదలుపెట్టాడు. వసారాలో మంచం మీద పడుకొని ఉన్న తాత తల ఎత్తి, "నీ క్యూ సక్కగ వస్తలేదు బిడ్డా. గట్ల తొందరపడకు. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళ ఒకటి పొడుగు" అన్నాడట. అని, మంచం పక్కనున్న స్టీలు గ్లాసును అందుకొని, చెంచాతో కొట్టి చూపించాడట!

ఆ పెద్దాయన ఒకప్పుడు రైల్వేలో సిగ్నలరు. స్టేషన్ల మధ్య తంతి వార్తలు మోర్సులో నడిచిన రోజులలో ఉద్యోగం చేసినవాడు. తరువాత ఆ పద్ధతి పోయింది. 2013 జూలైలో దేశంలో ప్రజలకు టెలిగ్రాం సేవ కూడా ముగిసిపోయింది. ఆయన విద్యను అడిగేవారు లేకపోయారు. ఆయనా చెప్పడం మానేశాడు. మనుమడు ప్రపంచం నలుమూలల నుండి వచ్చే సంకేతాల కోసం చెవులు మూసుకొని కూర్చున్నాడు. ఆ విద్య తెలిసిన గురువు పది అడుగుల దూరంలో ఎవరైనా పలకరిస్తారా అని ఎదురుచూస్తూ పడుకొని ఉన్నాడు.

ఆ యువకుడు ఇది చెప్పి తల వంచుకున్నాడు. నేనూ తల వంచుకున్నాను. ఎందుకంటే ఆ ఇంటికి నేను మూడుసార్లు వెళ్ళాను. తాతగారి నుదుట సిలువ గుర్తు వేసి, ఆశీర్వదించి వచ్చాను. "మీరు ఏం పనిచేసేవారు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. మాట్లాడటం నా పని అనుకున్నాను. వినడం కూడా నా పనేనని మరచిపోయాను.

హామ్ రేడియోలో మొదటి మర్యాద ఇది: ముందు విను, తరువాత పలుకు. మనం పలకబోయే తరంగం మీద ఇదివరకే ఎవరైనా మాట్లాడుకుంటున్నారా అని విని, ఎవరూ లేరని తేల్చుకొని, అప్పుడు మన పిలుపు ఇవ్వాలి. ఎక్కడినుండైనా ఆపద సంకేతం వినిపిస్తే ఎంత ముఖ్యమైన సంభాషణ అయినా ఆపివేసి, దానికే చోటు ఇవ్వాలి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ నుండి భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్ళింది. దూరదేశాల హామ్‌లతో సంభాషించాలన్నది వారి ఉద్దేశం. 26వ తేదీన సునామీ వచ్చింది. వెంటనే వారు తమ సంబరాన్ని పక్కనపెట్టి, పోర్ట్ బ్లెయిర్ నుండి సమాచారం అందించే పనిలోకి దిగారు. తమ వారి క్షేమం తెలియక తల్లడిల్లుతున్న కుటుంబాలకు కబురు చేరవేశారు. సరదా కోసం పెట్టిన రేడియో ఆ రోజు సేవగా మారింది. వారి చెవి అప్పటికే సిద్ధంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

మన తిరుసభలోనూ ఇటువంటివాడు ఒకరు ఉన్నారు. పోలండు దేశపు ఫ్రాన్సిస్కను గురువు, పునీత మాక్సిమిలియన్ కోల్బే. సువార్త సేవకై రేడియోను వాడుకోవాలని తలచి, తన మఠంలో 1938లో ఒక రేడియో కేంద్రం నెలకొల్పాడు. దాని పిలుపు సంకేతం ఎస్‌పీ3ఆర్‌ఎన్. అందుకే హామ్‌లు ఆయనను తమ పాలక పునీతునిగా భావిస్తారు. తరువాత నాజీలు ఆయనను ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1941లో, ఒక ఖైదీ తప్పించుకున్నాడని పదిమందిని ఆకలితో చంపడానికి ఎంపిక చేశారు. వారిలో ఒకడు తన భార్యాబిడ్డలను తలచుకొని ఏడ్చాడు. ఆ ఏడుపు అక్కడున్న వారందరి చెవులలో పడింది. కోల్బే ముందుకు వచ్చి, అతనికి బదులు నన్ను తీసుకొండన్నాడు. ఆగస్టు 14న ప్రాణం అర్పించాడు. 1982లో జగద్గురువు రెండవ జాన్ పాల్ ఆయనను పునీతునిగా ప్రకటించినప్పుడు, ఆ రోజు బ్రతికిపోయిన మనిషి అక్కడే ఉన్నాడు. వినడమంటే ఇదే. విన్నవాడు బదులు పలకాలి. ఒక్కొక్కసారి ఆ బదులు మన ప్రాణమే కావచ్చు.

"అంతా గోలగా ఉంటే దేవుని స్వరం ఎలా వినాలి ఫాదర్?" అని మీరు అడగవచ్చు. ఏలీయా ప్రవక్త కొండ మీద నిలబడినప్పుడు పెనుగాలి వీచింది, భూమి కంపించింది, నిప్పు కనిపించింది. ప్రభువు వాటిలో లేడు. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరంలో ఉన్నాడు. రేడియోలోనూ అంతే. మెరుపుల వలన వచ్చే గరగరకు హామ్‌ల భాషలో ఒక పేరు, ఇతర కేంద్రాలు అడ్డుపడి చేసే గోలకు మరొక పేరు ఉన్నాయి. మొదటిది మన చేతిలో లేదు. జబ్బులు, అప్పులు, కష్టాలు అటువంటివి. రెండవది మనుషులు చేసేది. భోజనం దగ్గర మ్రోగే ఫోను, ఆపకుండా నడిచే టీవీ, మనసులో పెంచుకున్న పగ - ఇవి మనం తగ్గించుకోగలిగినవే కదా!

ఆ తాత మనుమడికి నేర్పిన మరొక పాఠం కూడా వినండి. "ఒక అక్షరం పోతే పోనియ్యి. గీత గీసి ముందుకు నడువు. పోయినదాని గురించి సోచాయిస్తే ఇంకో ఐదు పోతయ్" అన్నాడట. ఎంత లోతైన మాట! పాత పాపాన్ని తలచుకుంటూ కుమిలిపోయేవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ కుమిలిపాటులో నేడు దేవుడు పలికే మాట వారికి వినపడదు. పాపసంకీర్తనానికి వెళ్ళండి, క్షమాపణ పొందండి, తరువాతి అక్షరం వినండి. పరీక్షలో తప్పులకు ఒక హద్దు ఉంది. ప్రభువు పేతురుకు నేర్పిన క్షమకు హద్దు లేదు.

ఈ వారం మూడు పనులు చేయండి. రోజూ పది నిమిషాలు ఫోను దూరంగా పెట్టి, నోరు మూసుకొని, ప్రభువు సన్నిధిలో కూర్చోండి. హామ్‌లు ప్రతి సంభాషణ తరువాత తేదీ, సమయం పుస్తకంలో వ్రాసుకున్నట్లు, నిద్రకు ముందు ఆత్మశోధన చేసుకోండి: ఈ రోజు ఎవరి పిలుపు విన్నాను? ఎవరికి బదులు పలకలేదు? మూడవది, మీ ఇంట్లోనో, పొరుగునో ఉన్న ఒక పెద్దవారి దగ్గర కూర్చొని, వారి పాత రోజుల గురించి ఒక్క ప్రశ్న అడగండి. అడిగి, వినండి.

ఆ యువకుని పరీక్ష ఇంకా జరగలేదు. వచ్చే నెల కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్తాడు. 200 అక్షరాలలో ఎన్ని పట్టుకుంటాడో చెప్పలేను. కాని ఇప్పుడు ప్రతి సాయంత్రం ఆ వసారాలో స్టీలు గ్లాసు మీద చెంచా మ్రోగుతోంది. మొన్న నేనూ వెళ్ళి కూర్చున్నాను. తాతగారు నా పేరును చెంచాతో కొట్టి వినిపించారు. ఒక్క అక్షరం నాకు అర్థం కాలేదు. ఆయన నవ్వి, "మళ్ళొక్కసారి ఇను ఫాదర్" అన్నారు.

మన మొర ఆలకించే ప్రభువు, ఒకరి మొర ఒకరం ఆలకించే చెవిని మనకు దయచేయును గాక. ఆమెన్.