ఇంట్లో తైబందీ

హనుమకొండలో ఒక ఉమ్మడి కుటుంబం ఉండేది. మనుషులు ఆరుగురు, ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటి. నెలకు 300 జీబీ. అది అయిపోతే లైను తెగదు, వేగం పడిపోతుంది. మెసేజీలు వస్తాయి, వీడియో మాత్రం కదలదు.

తాత ఒకప్పుడు ఊరి చెరువు కింద నీరటి. తూము తెరవడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం ఆయన పని. పెద్దకొడుక్కి సర్కారు కొలువు, నెట్ బిల్లు కట్టేది అతనే. చిన్నకొడుకు ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తాడు. పెద్దకోడలు బట్టలు కుడుతుంది, కొత్త డిజైన్లు వీడియోల్లో చూసి నేర్చుకుంటుంది. మనవరాలు ఈఏపీసెట్‌కు చదువుతోంది. మనవడికి స్కూలు అయిపోతే ఫోన్లో ఆటలే లోకం.

ఒక నెల సగం గడిచేసరికే డేటా అయిపోయింది. మనవరాలి ఫిజిక్స్ క్లాసు మధ్యలో ఆగింది, చిన్నకొడుకు మీటింగులో మాట ముక్కలైంది. ఇల్లంతా పిల్లాడి మీద పడింది. "వీడి ఆటలతోనే అంతా అయిపోతోంది" అన్నారు. వాడు ఏడ్చి పడుకున్నాడు.

మరుసటి నెల పెద్దకొడుకు లెక్క తేల్చాడు. 300ని ఆరుగురికి పంచితే తలా 50 జీబీ. రౌటర్ యాప్‌లో ఒక్కో ఫోనుకు హద్దు పెట్టాడు. న్యాయంగానే కనిపించింది. కానీ తాత వాటాలో 5 జీబీ కూడా ఖర్చు కాలేదు. రోజుకు నాలుగు గంటల క్లాసులు వినే మనవరాలి వాటా మాత్రం నెల నిండకముందే నిండుకుంది. విచిత్రం ఏమిటంటే, ఇన్ని హద్దులు పెట్టినా ఇంటి మొత్తం డేటా మళ్లీ నెల మధ్యలోనే అయిపోయింది.

అప్పుడు తాత అడిగాడు. "నీళ్లు ఎటు పోతున్నయో ఎవరన్న గట్టు మీద నడిచి చూసిండ్రా?"

ఎవరూ చూడలేదు. మనవరాలు రౌటర్ యాప్ తెరిచి, ఏ పరికరం ఎంత వాడిందో చదివింది. అన్నిటికన్నా పైన ఉన్నది ఏ మనిషి పేరూ కాదు, హాల్లోని టీవీ. ఆరుగురికి పంచిన లెక్కలో టీవీ ఎవరి ఖాతాలోనూ లేదు. 4కే నాణ్యతలో వీడియో గంటకు దాదాపు 7 జీబీ తింటుంది. రోజుకు మూడు గంటలు నడిస్తే 21 జీబీ, పదిహేను రోజులకే 300 దాటుతుంది. పెద్దకొడుకు రాత్రి సీరీస్ పెట్టుకుని నిద్రపోతే, ఎపిసోడ్ వెంట ఎపిసోడ్ దానంతటదే నడుస్తోంది. ఆ తర్వాత చిన్నకొడుకు ఫోను. అది అతనికి తెలియకుండానే ఫొటోలు, వీడియోలు బ్యాకప్ చేస్తోంది. పిల్లాడి ఆట అట్టడుగున ఉంది. ఆన్‌లైన్ ఆట ఆడటానికి పట్టే డేటా కొద్దే. ఆటను కొత్తగా దించుకునేటప్పుడే భారీగా పోతుంది.

పెద్దకొడుకు ముఖం చిన్నబోయింది. "బిల్లు కట్టేది నేనే కద బాపూ" అన్నాడు.

"బిల్లు కడుతున్నవు గనుకనే ఇంట్ల నీ మాట నడుస్తది బిడ్డా. అందుకే ముందుగాల నీ మడవ మూయాలె" అన్నాడు తాత. "యాసంగికి ముందు చెరువుల నీళ్లెన్ని ఉన్నయో చూసి తైబందీ చేస్తుంటిమి. ఎన్ని ఎకరాలు పారుతదో అన్నే. ఇంటికి గూడ గట్లనే చేద్దాం."

కాగితం తీసుకున్నారు. మామూలు నాణ్యతలో గంట వీడియోకి 0.7 జీబీ చొప్పున మనవరాలి క్లాసులకు 84. చిన్నకొడుకు పనికి 50. కుట్టు వీడియోలకు 15. తాతకు 5. పిల్లాడి ఆటలకు, అప్‌డేట్లకు 20. టీవీ 4కే మాని హెచ్‌డీలో రోజుకు గంట, అంటే 90. చిన్నకొడుకు ఫోన్లో బ్యాకప్ ఆపేశారు. మొత్తం 264. మిగతా 36 తాత ఎవరికీ ఇవ్వనివ్వలేదు. చుట్టాలు రావచ్చు, పరీక్ష ముందు పిల్లకు ఎక్కువ కావచ్చు, నిల్వ ఉండాలన్నాడు.

ప్రతి ఆదివారం లెక్క చూసి గోడ మీద రాసే పని పిల్లాడికి అప్పగించారు. తిట్లు తిన్నవాడే ఆ ఇంటికి నీరటి అయ్యాడు. ఆ నెల చివరి రోజున కూడా క్లాసు ఆగలేదు.

నీతి: సమానంగా పంచినంత మాత్రాన న్యాయంగా పంచినట్టు కాదు. చదువుకూ కూటికీ ఆధారమైన వాడకానికి మొదటి వంతు, వినోదానికి ఆ తర్వాతి వంతు. నేరం మోపే ముందు కొలవాలి. కొలవని ఇంట్లో నింద ఎప్పుడూ నోరులేని చిన్నవాళ్ల మీదే పడుతుంది, అది నాకు డేటా నష్టం కన్నా పెద్ద నష్టంగా తోస్తుంది. ఎవరి ఖాతాలోనూ లేని ఉమ్మడి వస్తువు మీద అందరికన్నా ముందు కన్ను వేయాలి.

మా ప్లాన్ అన్‌లిమిటెడ్, మాకీ గొడవ లేదనుకునేవారు షరతులు ఒకసారి చదవాలి. అలాంటి చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ వంటి హద్దు ఉంటుంది. హద్దు దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని ట్రాయ్ 2016లో ఆదేశించింది, కానీ ఆ వేగంతో క్లాసు సరిగ్గా నడవదు. హద్దు చేరని ఇళ్లలోనూ వేగం అందరిదీ. 30 ఎంబీపీఎస్ లైనులో 4కే వీడియో ఒక్కటే సుమారు 15 లాగేస్తుంది, రెండు టీవీలు నడిస్తే పక్క గదిలో పిల్ల క్లాసు ఆగుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని రౌటర్ యాప్‌లోని పరికరాల జాబితా చూడండి. టీవీలో ఆటోప్లే ఆపి, నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. బిల్లు కట్టేవారు తమ వాడకాన్ని మొదట తగ్గించి, ఆ తర్వాతే పిల్లలతో మాట్లాడండి.