దూరదేశమున ఏకాదశి ఎన్నడు?

ఢిల్లీ నుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు అతి సమీపమార్గమున కొలిచినచో సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా విమానములు మొదట పడమటగా అట్లాంటిక్ సముద్రము మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోయెడివి. 2016 అక్టోబరులో ఆ సంస్థ తూర్పుగా పసిఫిక్ మహాసముద్రము మీదుగా విమానము నడిపెను. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు. అయినను 14½ గంటలలోనే గమ్యము చేరెను. మిక్కిలి ఎత్తున పడమటి నుండి తూర్పునకు వీచు గాలి వెనుక నుండి తోడ్పడుటయే ఇందులకు కారణము. దారి పెరిగినది, కాలము తగ్గినది.

పూర్వము కాశికి కాలినడకన పోవువారికి నెలలు పట్టెడిది. సూర్యోదయవేళ దినదినము కొద్దికొద్దిగా మారెడిది గనుక వారికి ధర్మసంశయము కలుగలేదు. నేటి ప్రయాణికుడు ఒక్క ప్రయాణముననే, చలికాలమున 13½ గంటల కాలభేదము గల చోట దిగుచున్నాడు. అట్టి కుమారుడు ఏకాదశిని తల్లి ఇంట గోడకు వ్రేలాడు పంచాంగమును బట్టి ఆచరింపవలెనా?

సూర్యచంద్రుల నడుమ 12 అంశల అంతరము పెరుగు కాలమే తిథి. అది ఆరంభమగు క్షణము లోకమునకంతటికి ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఊరూరికి వేరు. వైష్ణవులకు అరుణోదయమున దశమీవేధ లేని ఏకాదశి గ్రాహ్యము గదా! ఆ అరుణోదయమును స్థలమును బట్టియే యుండును. చలికాలమున ఒక ఏకాదశి మనకు సోమవారము ఉదయము 8 గంటలకు ఆరంభమై మంగళవారము 9 గంటలకు ముగిసినదనుకొందము. మనకు ఉపవాసము మంగళవారము. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తిథి ఆదివారము సాయంకాలము 6½ గంటలకు ఆరంభమై సోమవారము రాత్రి 7½ గంటలకు ముగియును. అచ్చట ఉపవాసము సోమవారమే.

"పుట్టినింటి వారితోడనే ఆచరింతును" అనువారు కలరు. ఈ మాటయందు ప్రేమ యున్నది, తేలికగా త్రోసివేయరాదు. అయినను సంకల్పమును తలచుకొనవలెను. శ్రీశైలమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నున్నాడో కర్త ముందుగా చెప్పుకొనును. తాను నిలిచిన చోటును ఉన్నదున్నట్లు పలికిన పిదపనే కర్మ. పసిఫిక్ తీరమున నిలిచి గోదావరీతీరమున నున్నానని పలుకుట భగవంతుని యెదుట అసత్యమగును. పితృశ్రాద్ధమునకును ఇంతే, కర్త యున్న చోటి అపరాహ్ణమే ప్రమాణము. తిథి కలిసిరాలేదని అన్నదమ్ములు పరస్పరము నిందించుకొనుట తగదు.

ఇక విమానములో నున్నవాని మాట. నామస్మరణకు దేశకాల నియమము లేదు గనుక అతనికి అదియే ఆధారము.

పై ఉదాహరణమున తల్లి మంగళవారము ప్రాతఃకాలమున ఫోను చేసి "నాయనా, నేడు ఉపవాసము మరువకు" అనినచో, కుమారునకు అది సోమవారము సాయంకాలము. అతడు ఉదయము నుండి ఉపవసించియే యున్నాడు. ఆమె పగలు అతనికి రాత్రి. ద్వాదశీ పారణ చేయుటకు అతనికింకను తెల్లవారవలెను. అంతవరకు ఇద్దరును ఉపవాసముననే యుందురు.