పిల్లల కంచం దగ్గర మొహమాటం

చి.ల.సౌ. చిట్టికి పెద్దమ్మ దీవించి రాయునది.

లండన్ ఈస్ట్‌హామ్ హోటల్లో పుట్టినరోజు భోజనం ఫోటోలు అందాయి. మీ అమ్మ మురిసిపోయి వీధిలో అందరికీ చూపించింది. నేనూ మురిశాను. కానీ ఒక ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పెద్దవాడి ముందు నీళ్ల గ్లాసుకి ఆనించిన ఫోను, పక్కన మిక్చర్ గిన్నె. చంటిదాని నోటి దాకా నీ స్నేహితురాలెవరిదో చెయ్యి. నువ్వు ఆవిడకేసి చూసి నవ్వుతున్నావు. ఆ నవ్వు నాకు తెలుసే. కాదనలేనప్పుడు మనింటి ఆడపిల్లలు నవ్వే నవ్వు.

హోటలుకి వెళ్లొద్దని రాయడం లేదు. నీ కాన్పుకి వచ్చినప్పుడు చూశానుగా: ఇద్దరికీ ఉద్యోగాలు, పెద్దవాడికి నర్సరీ, చలికాలంలో నాలుగింటికే చీకటి. వారానికోసారి ఎవరో వేసిచ్చిన వేడి దోసె కూర్చుని తింటే తప్పేముంది? హై స్ట్రీట్ నార్త్ మీద నడుస్తూ పోపు వాసన తగిలితే నాకే ప్రాణం లేచొచ్చింది. పిల్లలకీ నలుగురితో కూర్చుని తినడం రావాలి.

నా భయం వేరే. మా అబ్బాయి, అదే మీ అన్నయ్య, వీపు మీద గాటు గుర్తుందా? వాడు నూతి దగ్గర స్నానం చేస్తుంటే "పులి గీరిందా?" అని అడిగేదానివి. వాడు అవుననేవాడు. పులి కాదమ్మా. 1984లో మా అత్తవారి వైపు గృహప్రవేశం. వాడికి రెండేళ్లు నిండలేదు. ఒక పెద్దావిడ ముద్దుచేస్తూ వేయించిన వేరుశనగ గుళ్లు గుప్పెడు వాడి చేతిలో పోసింది. 'వాడికింకా నమలడం రాదండీ' అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దల ముందు కోడలు నోరెత్తితే పొగరనే రోజులవి. మాట బయటికి రాలేదు. పిల్లలెవరో నవ్విస్తే వాడు కిలకిలా నవ్వి ఊపిరి లోపలికి పీల్చాడు. గిలగిల్లాడి, దగ్గి, సర్దుకున్నాడు. గండం గడిచిందనుకున్నాం.

ఆ తరవాత దగ్గు, జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేవి. వేరుశనగ గుండు ఎక్స్‌రేలో కనపడదు. అది కుడి ఊపిరితిత్తి గొట్టంలో కూర్చుని లోపల చీము పట్టేదాకా ఎవరికీ అంతుపట్టలేదు. ఆఖరికి విశాఖపట్నంలో ఊపిరితిత్తి కింది భాగం తీసేసి పిల్లాణ్ణి దక్కించారు. నా మెడలో పసుపుతాడు మిగిలింది, కొబ్బరితోట సగం పోయింది. అవి పోతే పోయాయి. వాడు ఇప్పటికీ మేడ మెట్లు సగం ఎక్కి ఆగుతాడు చూడు, అది నన్ను కోస్తుంది.

ఆ పెద్దావిడ ప్రేమతోనే పెట్టింది. నీ స్నేహితురాళ్లూ అంతే. కానీ ఆ వయసు పిల్లల గాలిగొట్టం వాళ్ల చిటికెనవేలంత సన్నం. కొరికే పళ్లు ముందొస్తాయి, నమిలే దవడ పళ్లు తరవాతెప్పుడో వస్తాయి. పెట్టేవాళ్లకి అది గుర్తుండదు. గుర్తుంచుకుని వద్దనాల్సింది తల్లే.

మా రోజుల్లో మొహమాటం ఎక్కువన్న మాట నిజం. అయినా బంతిలో పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్ద చిదిమి చూసి పెట్టేవాళ్లం. ఇప్పుడు వడ్డించగానే ఫోటోలు. పిల్లాడి కళ్లు ఒక తెర మీద, పెద్దల కళ్లు ఇంకో తెర మీద. వాడేం మింగుతున్నాడో వాడికే తెలియదు. గొంతుకి పూర్తిగా అడ్డంపడ్డ బిడ్డ ఏడవలేదు, దగ్గలేదు. గాలే ఆడకపోతే గొంతు ఎలా పెగులుతుంది? ఆ సందడిలో తలెత్తి చూసేవాళ్లు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇక సూటిగా చెప్తాను, విను.

అయిదేళ్లు నిండేదాకా గింజలు గింజల్లా పెట్టకు. అక్కడి సర్కారు వైద్యసేవ ఎన్‌హెచ్ఎస్ చెప్పేదీ అదే. మిక్చర్ గిన్నె దూరంగా జరుపు. పులిహోరలో వేరుశనగ గుళ్లు, పొంగలిలో జీడిపప్పు ఏరెయ్. పాప్‌కార్న్ వద్దు. ద్రాక్షపళ్లు, చెర్రీ టమాటాలు నిలువునా నాలుగు ముక్కలు చెయ్యి. చంటిదానికి ఏడాది నిండేదాకా తేనె నాకించకు. దానికి రోజు మొత్తం మీద ఉప్పు ఒక గ్రాము దాటకూడదు, అందుకని హోటలు సాంబారు వద్దు. ఇంటి నుంచి మెత్తటి పప్పన్నం పట్టుకెళ్లు. రంగురంగుల స్లష్ ఐస్ పెద్దవాడు అడిగినా కొనకు. అందులో గ్లిజరాల్ ఉంటుందని, ఏడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దని 2025లో మీ ఆహార ప్రమాణాల సంస్థే చెప్పింది.

కొత్త పదార్థం హోటల్లో మొదలుపెట్టకు. జీడిపప్పయినా వేరుశనగయినా మెత్తగా పొడిచేసి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా ఇంట్లో అలవాటు చెయ్యి, ఒంటికి పడిందో లేదో తెలుస్తుంది. అక్కడ హోటలువాళ్లు 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏవి వాడారో చెప్పి తీరాలని చట్టం ఉంది. మన పోపులో ఆవాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అడగడానికి సిగ్గెందుకు?

ఫోను సంచిలో పెట్టు. పిల్లలు తింటున్నంతసేపూ నువ్వో, మీ ఆయనో వాళ్లనే చూడాలి, వంతులు వేసుకోండి. ఎవరైనా పెట్టబోతే "డాక్టరు వద్దన్నారండీ" అను. అపద్ధం కాదుగా. వాళ్లు చిన్నబుచ్చుకుంటే సాయంత్రం ఫోను చేసి మంచి చేసుకో.

అడ్డంపడి దగ్గలేకపోతే వేళ్లు పెట్టి గొంతు కెలకొద్దు. ముందుకు వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేతి అడుగు భాగంతో గట్టిగా కొట్టాలి, అయిదు సార్లు దాకా. తగ్గకపోతే ఏడాది లోపు బిడ్డకి ఛాతీ మీద, పెద్దవాడికి పొట్ట మీద నొక్కాలి. ఇంకొకరు 999కి ఫోను చెయ్యాలి. ఇది ఉత్తరం చదివితే వచ్చే పని కాదు, చేతులకి రావాలి. బ్రిటిష్ రెడ్‌క్రాస్‌వాళ్లు, సెయింట్ జాన్ అంబులెన్స్‌వాళ్లు పసిపిల్లల ప్రథమ చికిత్స నేర్పుతారు. నువ్వొక్కదానివే వెళ్తే చాలదు, మీ ఆయన పేరూ రాయించు. డబ్బు నేను పంపిస్తాను. ఏ తేదీకి కుదిరిందో ఈ ఆదివారం ఫోనులో చెప్పాలి నువ్వు.

మీ పెద్దమ్మ